మా మిరప చేను, లాం శాస్త్రవేత్తలు, బాపట్ల పిల్లలు

విశ్వవిద్యాలయం అంటే పిల్లల్ని చదివించుకునే చోటని మా ఊళ్ళో అందరికీ తెలుసు. చేనుకు తెగులొస్తే కొమ్మ విరిచి పట్టుకెళ్ళి చూపించుకోవచ్చని, మట్టి పట్టుకెళ్ళి అడగవచ్చని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. మాది గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పల్లె. లాం ఫారం మాకు పక్కనే ఉన్నట్టు లెక్క. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం అక్కడే. 1964లో హైదరాబాదులో పుట్టిన ఈ విశ్వవిద్యాలయానికి 1996లో రంగాగారి పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక మన లాంకు వచ్చింది. రంగాగారిది నిడుబ్రోలు, పాత గుంటూరు జిల్లా. బతికినంత కాలం రైతు కోసం మాట్లాడిన మనిషి పేరున్న సంస్థ మన గుమ్మంలో ఉంటే, మన రైతులు దాని గేటు ముందు నుంచే బస్సులో వెళ్ళిపోతున్నారు. ఆ బాధతోనే ఇదంతా రాస్తున్నాను.

మాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. మావారు గుంటూరులో ఉద్యోగం చేస్తారు. సేద్యం నేనూ మా మావయ్యగారూ చూసుకుంటాం. రెండున్నర ఎకరాల్లో మిరప, మిగతా దాంట్లో మినుమో కందో వేస్తాం.

2021లో మిరప వేసినవాళ్ళెవరూ ఆ ఏడాదిని మర్చిపోరు. చేను ఏపుగా పెరిగింది, పూత విరగబూసింది. చూస్తుండగానే పూలన్నీ ఎర్రబారి రాలిపోయాయి. నిలిచిన ఒకటీ అరా పిందె కూడా వంకర తిరిగింది. మిరపలో ముడత మాకు కొత్త కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇది అలా లేదు. ఆకు కంటే ముందు పువ్వు పోతోంది. పురుగుమందుల దుకాణానికి వెళ్తే రోజుకో కొత్త డబ్బా చేతిలో పెట్టారు. కొట్టిన మూడో రోజుకు పూలల్లో పురుగు మళ్ళీ కనపడేది. ఊరంతా అదే పరిస్థితి. చేల గట్ల మీద కూర్చుని ఏడ్చినవాళ్ళు ఉన్నారు. కౌలుకు తీసుకున్న వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, కౌలు ముందే కట్టేసి ఉన్నారు.

అప్పుడు లాం వెళ్దామన్నది మా మావయ్యగారే. "అక్కడ పుట్టిన విత్తనమేగా మనం వేసింది, వాళ్ళనే అడుగుదాం పద" అన్నారు. ఆయన చెప్పింది నిజం. ఎల్‌సీఏ 334, ఎల్‌సీఏ 625 అంటూ మనం నంబర్లతో పిలిచే మిరప రకాలు లాంలో పుట్టినవే. అయితే అక్కడికి వెళ్ళాక తెలిసిన సంగతి ఒకటుంది, కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను. లాంలో పని చేస్తున్నది ఒక్క విశ్వవిద్యాలయం కాదు. పత్తి, మినుము, కంది లాంటివి రంగా విశ్వవిద్యాలయం చూస్తుంది. మిరపను చూసే ఉద్యాన పరిశోధనా స్థానం పశ్చిమ గోదావరిలోని వెంకట్రామన్నగూడెం కేంద్రంగా ఉన్న డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానిది. ఒంగోలు జాతి పశువుల మీద పని చేసే స్థానం తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయానిది. ఏ పంట గురించి వచ్చామో గేటు దగ్గరే చెబితే సరైన చోటికి పంపిస్తారు.

మేం పూతతో ఉన్న కొమ్మల్ని తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళాం. అక్కడి శాస్త్రవేత్త కొమ్మల వంక చూడకముందే అడిగిన ప్రశ్న, "ఏం మందులు కొట్టారమ్మా ఇప్పటిదాకా? బిల్లులున్నాయా?" అని. బిల్లులు ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటీ చదువుతూ కొన్నింటి పక్కన పెన్నుతో గీత పెట్టారు. తరవాత ఒక తెల్ల కాగితం బల్ల మీద పరిచి, పువ్వును తొడిమ దగ్గర పట్టుకుని రెండు వేళ్ళతో కొట్టారు. సన్నటి నల్లటి గీతల్లాంటి పురుగులు కాగితం నిండా పరుగెత్తాయి. భూతద్దం మా మావయ్యగారి చేతికిచ్చి చూడమన్నారు. ఒక్క పువ్వులో అన్నేసి ఉంటాయని మేం ఊహించలేదు. మామూలు మిరప తామర పురుగు లేతాకు అడుగున ఉంటుందట, ఇది పువ్వులో దూరి కూర్చుంటుందట. ఆగ్నేయాసియా దేశాల నుంచి వచ్చిందని, మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట కనిపించిందని, మిరప మీద ఇంత ఉధృతంగా పడటం ఇప్పుడే చూస్తున్నామని చెప్పారు. రైతులు పెట్టుకున్న 'నల్లతామర' అనే పేరునే ఆయన కూడా వాడారు.

ఆ రోజు ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "దీన్ని పూర్తిగా పోగొట్టే మందు మా దగ్గర లేదమ్మా. ఉందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఉధృతి తగ్గించుకునే దారి చెబుతాను." అంత చదువుకున్న మనిషి మా ముందు కూర్చుని 'లేదు' అని చెప్పటం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది. అప్పటిదాకా మాకు అమ్మినవాళ్ళెవరూ ఆ మాట అనలేదు.

గీత పెట్టిన మందులు సింథటిక్ పైరిత్రాయిడ్ రకాలు, ఇంకా కొన్ని. అవి కొడితే ఈ పురుగును తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి, ఆ తరవాత ఇది రెట్టింపవుతుంది, అందుకే కొట్టిన కొద్దీ పెరుగుతోందని విడమరిచి చెప్పారు. యూరియా తగ్గించమన్నారు, లేత చిగురు ఎక్కువైతే పురుగుకు విందు. ఎకరాకు పాతిక ముప్పై నీలిరంగు జిగురు అట్టలు పైరు ఎత్తులో కట్టమన్నారు. వేపనూనె వాడమన్నారు. ఈ పురుగు నిద్రావస్థ గడిపేది నేలలోనే గనక మొదళ్ళ దగ్గర మట్టిని కదిలించమన్నారు. వచ్చే ఏడు చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో ఒత్తుగా వేయమన్నారు. ఆ మాట వినగానే మా మావయ్యగారు, "మా నాన్న నాటి నుంచి గట్టెంబడి జొన్న సాళ్ళు వేసేవాళ్ళం, స్థలం దండగని ఈమధ్యే మానేశాం" అన్నారు. శాస్త్రవేత్త నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నారు. ఏ జొన్న, మిరప నాటటానికి ఎన్నాళ్ళ ముందు వేసేవారు, ఏ పక్కన వేసేవారు, అన్నీ అడిగి మరీ రాసుకున్నారు. మావయ్యగారు ఇంటికొచ్చేదాకా అదే తలుచుకున్నారు.

ఆ ఏడు మా పంట దక్కిందా అంటే దక్కలేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇరవై క్వింటాళ్ళు చూసిన చేలో కోసిన కాయ కూలికి కూడా సరిపోలేదు. కానీ ఆ తరవాత మందుల మీద పోయాల్సిన డబ్బు ఆగింది. ఆ డబ్బే మరుసటి ఏడు విత్తనానికి పనికొచ్చింది. ఇంకో మేలు, కొద్ది రోజుల్లోనే శాస్త్రవేత్తలు మా ఊరొచ్చి చేలు తిరిగారు. రచ్చబండ దగ్గర తెల్ల కాగితం మీద పువ్వు దులిపి చూపించారు. ఇప్పుడు మా ఊళ్ళో మందు కొట్టాలో వద్దో చూసుకోవటానికి ముందు కాగితం మీద పువ్వు దులిపి చూసేవాళ్ళు చాలామంది.

వేసవిలో చేను ఖాళీ అయ్యాక మట్టి పరీక్ష చేయించాం. ఇందులో తీసే పద్ధతే అంతా. గట్టు పక్కన, చెట్టు నీడన, ఎరువు కుప్ప వేసిన చోట తీసిన మట్టి పనికిరాదు. ఎకరానికి ఎనిమిది పది చోట్ల, చేను అడ్డదిడ్డంగా నడుస్తూ, పైన చెత్త తీసేసి, 'వి' ఆకారంలో ఆరంగుళాల గుంట తవ్వి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా ఒక పొర గీకాలి. అంతా గోనెపట్టా మీద పోసి కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ పారేయాలి. మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ అదే పని, అరకిలో మిగిలేదాకా. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పోసి, పేరు, సర్వే నంబరు, వేసిన పంట, వేయబోయే పంట రాసిన చీటీ లోపల ఒకటి, బయట ఒకటి పెట్టాలి. ఇదంతా దగ్గరుండి చేయించింది మా రైతు భరోసా కేంద్రం అమ్మాయి. ఇప్పుడు వాటినే రైతు సేవా కేంద్రాలంటున్నారు. ఆ అమ్మాయి వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివింది.

ఫలితం చూస్తే మా నేలలో సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువ, భాస్వరం మాత్రం ఎక్కువ. ఎక్కువంటే ఎందుకెక్కువో లాంలో లెక్క వేసి చూపించారు. నీటి వసతి ఉన్న మిరపకు ఎకరాకు సిఫారసు చేసే భాస్వరం 24 కిలోలు. డీఏపీ అనే ఎరువు ఒక్క బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. అంటే పంట మొత్తానికీ సుమారు ఒక బస్తా. మా వైపు మిరప చేలల్లో ఎకరాకు ఎన్ని బస్తాలు పడతాయో గుంటూరు జిల్లా రైతులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ మిగిలిందంతా నల్లరేగడిలో సున్నంతో కలిసి గడ్డకట్టుకుపోతుంది, మొక్కకు అందదు. పైగా భాస్వరం మరీ ఎక్కువైతే జింకు కూడా అందదు. పరీక్షలో పోషకం ఎక్కువని తేలితే సిఫారసులో 30 శాతం తగ్గించి వేయాలి, తక్కువని తేలితే 30 శాతం పెంచాలి. మేం డీఏపీ బాగా తగ్గించాం. దుక్కిలో జింకు సల్ఫేటు ఎకరాకు 20 కిలోలు, భాస్వరం ఎరువుతో కలపకుండా విడిగా వేశాం. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి పూతకు ముందే కలియదున్నాం. ఎరువుల ఖర్చు తగ్గిన సంగతి మా ఇంటి పద్దు పుస్తకంలోనే కనపడింది.

ఆ ఖరీఫ్‌లో బాపట్ల వ్యవసాయ కళాశాల పిల్లలు మా ఊరొచ్చారు. 1945లో పెట్టిన కళాశాల అది. బీఎస్సీ ఆఖరి ఏడాది పిల్లలు కొన్ని నెలలు పల్లెల్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకోవాలి. ఆ కార్యక్రమాన్ని వాళ్ళు 'రావెప్' అంటారు. ఒక్కో విద్యార్థికి ఒక్కో రైతును అప్పగిస్తారు. మాకు వచ్చిన అమ్మాయిది అనంతపురం. వేరుశనగ తప్ప మిరప నాటు చూసి ఎరగదు. మొదటి రోజు నన్ను "ఆంటీ" అంది. నాట్లు అయ్యేసరికి "అక్కా" అయింది. మావయ్యగారిని మాత్రం మొదటినుంచీ "తాతయ్యా" అనే పిలిచేది. పొద్దున్నే చేలోకి వచ్చి, ఎవరు ఎంత కూలికి వచ్చారు, ఎంత మందు పోశాం, ఎన్ని ట్యాంకులు కొట్టాం, అన్నీ పుస్తకంలో రాసేది. ఆ పుస్తకంలో మొదటిసారిగా నా పని కూడా లెక్కలోకి వచ్చింది. "అక్కా, నువ్వు గొప్పు తవ్విన రోజులకు కూలి ఎంత వేయమంటావ్?" అని అడిగింది. ఇంటి ఆడవాళ్ళ కష్టానికి కూలి కట్టి ఖర్చులో వేయటం అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కట్టి చూస్తే మిరపలో మిగిలిందనుకున్న లాభం సగానికి పడింది.

ఆ పిల్లలు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఊరి పటం. రామాలయం ముందు నేల ఊడ్చి, ముగ్గుపిండితో, రంగులతో ఊరంతా గీశారు. చెరువుకు నీలం, రోడ్డుకు ఇటుక పొడి, చేలకు వేపాకులు. మగవాళ్ళు చుట్టూ నిలబడి "అక్కడ బోరు ఎండిపోయింది", "ఆ డొంక కబ్జా అయింది" అని దిద్దించారు. ఆ తరవాత నెలల పట్టీ గీసి, ఏ నెలలో ఎంత పని ఉంటుందో చింతగింజలు పెట్టి చూపించమన్నారు. మగవాళ్ళు ఆగస్టు, సెప్టెంబరు, నవంబరు గళ్ళల్లో గుప్పెళ్ళు పోశారు. దుక్కి, నాటు, మందులు. మా అనంతపురం అమ్మాయి అక్కడితో ఆగలేదు. కూలి నుంచి వస్తున్న ఆడవాళ్ళను పిలిచి, ఇంకో పట్టీ గీసి, "మీరు పెట్టండి పిన్నీ" అంది. వాళ్ళ గింజలన్నీ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో పడ్డాయి. కోతలు, కళ్ళాలు, తాలు ఏరటం. రెండు పట్టీలు పక్కపక్కన చూస్తే రెండు వేరు వేరు ఊళ్ళలా ఉన్నాయి.

దానివల్ల పని జరిగింది. రైతు సదస్సులన్నీ ఖరీఫ్ ముందు, అదీ పగలు పదకొండింటికి పెడతారు. ఆ వేళకు ఆడవాళ్ళు ఎక్కడుంటారో చెప్పక్కర్లేదు. ఆ పటం చూశాక పిల్లల వెంట వచ్చిన మేడమ్ ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చి, రాత్రి ఏడున్నరకు, అన్నాలయ్యాక, కళ్ళం దగ్గరే ఆడవాళ్ళకు కాయ ఆరబెట్టే పద్ధతి చెప్పారు. నేల మీద కాకుండా పట్టా మీద ఆరబోయాలి, రాత్రి మంచుకు తడవకుండా కప్పాలి, కాయలో తేమ 10, 11 శాతానికి దిగాకే బస్తాలకెత్తాలి. కాయ విరగకుండా నీళ్ళు చల్లే అలవాటు మానాలి. ఆ తడికే బూజు పడుతుంది, బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది ఉంటే పై దేశాలవాళ్ళు సరుకు తిప్పి పంపిస్తారు. మిరప యార్డులో టిక్కీ, అంటే కాయల బస్తా, విప్పి చూసి ధర తగ్గిస్తే మగవాళ్ళు తిట్టుకుంటూ వస్తారు, ఎందుకు తగ్గిందో కళ్ళంలో పని చేసే మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రాత్రి ఒకావిడ, "ఇన్నేళ్ళుగా కాయ ఏరుతున్నా, ఇది నాకు ఒకళ్ళైనా చెప్పారా" అంది. కోపంగానే అంది, ఆ కోపం న్యాయమైనది.

విశ్వవిద్యాలయాలు ఊళ్ళకు రావటం అంటే నా దృష్టిలో ఇదే. మైకు పెట్టి చెప్పి వెళ్ళిపోతే చాలదు. ఎవరు ఏ పని చేస్తున్నారో చూసి, వాళ్ళకు వీలైన వేళకు, వాళ్ళ పని గురించే చెప్పాలి. తిరిగి వెళ్ళేటప్పుడు మన దగ్గర ఉన్నది కొంత రాసుకుపోవాలి. కౌలు రైతుల విషయంలో ఇది ఇంకా సరిగ్గా జరగటం లేదు. ప్రదర్శన చేను అనగానే సొంత పొలం, రోడ్డు పక్క పొలం ఉన్నవాళ్ళనే చూస్తారు. మా ఊళ్ళో మిరప వేసేవాళ్ళలో సగం మంది పైగా కౌలువాళ్ళే. వాళ్ళ చేలల్లో వేస్తేనే పక్కవాడు నమ్ముతాడు.

మాకు లాం నుంచి మినుము చిరుసంచి కూడా ఇచ్చారు. ఇంకా విడుదల కాని రకాన్ని చిన్న సంచుల్లో రైతులకిచ్చి, మనం ఎప్పుడూ వేసే రకం పక్కనే వేయమంటారు. విత్తిన తేదీ, పూత తేదీ, ఆకులు పసుపుబారే పల్లాకు తెగులు ఎన్ని మొక్కలకు వచ్చింది, దిగుబడి, అన్నీ రాసివ్వాలి. ఊళ్ళల్లో ఇలా వచ్చిన ఫలితాలు చూసుకునే ఆ రకాన్ని విడుదల చేయాలో లేదో నిర్ణయిస్తారు. మా చేలో కొత్త రకానికి పల్లాకు తక్కువే వచ్చింది, కానీ కాయ ఒకేసారి ఎండలేదు, రెండుసార్లు కోయాల్సి వచ్చింది. నేను రెండూ రాశాను. బాగుందని మాత్రమే రాస్తే సంతోషిస్తారేమో అని పక్కింటి అన్నయ్య అన్నాడు. కాగితం తీసుకున్న శాస్త్రవేత్త మాత్రం ఆ రెండో మాట కిందే గీత పెట్టి, కోత కూలి ఎంతయిందో కూడా రాయమని కాగితం నాకు తిరిగిచ్చారు. రాసిచ్చి వచ్చాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. ఉత్త చేతులతో వెళ్ళొద్దు. తెగులున్న మొక్కతో పాటు తెగుల్లేని మొక్క కూడా ఒకటి, వేళ్ళతో సహా, తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి. కొట్టిన మందుల బిల్లులు, మట్టి పరీక్ష కాగితం ఉంటే అదీ పట్టుకెళ్ళండి. సంక్రాంతి లోపు, పూత మీద ఉండగా వెళ్తే ఇంకా మంచిది. ఇంట్లో చేను పని ఎవరు చేస్తుంటే వాళ్ళే వెళ్ళండి, ఆడవాళ్ళయినా సరే. మట్టి నమూనాలకు మాత్రం కోతలయ్యాక, కొత్త ఎరువు పడకముందే, ఏప్రిల్, మే నెలలు సరైన అదను. ఈసారి మా వీధిలో కౌలు చేస్తున్న నలుగురి పొలాల మట్టి కూడా మాతో కలిపి తీయిస్తున్నాం. సర్వే నంబర్లు పొలం ఆసాములనడిగి మావయ్యగారే రాయించుకొస్తున్నారు.